ఎవరూ కట్టని పాట

ప్రొఫెసర్ లిండ్నర్ ట్యూనింగ్ ఫోర్కును మోకాలి మీద కొట్టి చెవి పక్కన పెట్టుకున్నాడు. పెదవులు మూసుకునే ఉన్నాయి కానీ గొంతులో సన్నగా ఒక స్వరం మొదలైంది. దాన్ని అందుకోమని ఎడమ చేత్తో సైగ చేశాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ బిజినెస్ డిప్లొమా విద్యార్థులే. పంజాబ్, కేరళ, నైజీరియా, ఫిలిప్పీన్స్, ఇరాన్. పాట మీద ఇష్టంతో చేరినవాళ్ళు తక్కువ. పొద్దున్నే అయిపోయే ఎలక్టివ్ ఇదొక్కటే. మధ్యాహ్నం నుంచి షిఫ్టులు చేసుకోవచ్చు. కనకదుర్గ కూడా అందుకే చేరింది.

విన్నిపెగ్‌లోని ఆ కాలేజీలో ఒకప్పుడు సంగీతానికి ఒక అంతస్తంతా ఉండేదట. ఇప్పుడు మిగిలింది ఈ గది. ఏటేటా పెరిగిపోతున్న విదేశీ విద్యార్థుల కోసం మిగతా గదుల్లో అడ్మిషన్ల డెస్కులు వేశారు. రెండో పియానోను కారిడార్లోకి నెట్టి, దాని మీద 'వెల్‌కమ్' బ్యానర్ల చుట్టలు పేర్చారు. లిండ్నర్ రోజూ లోపలికి వచ్చే ముందు ఆ చుట్టలు ఒక్కొక్కటీ తీసి నేల మీద పెడతాడు. మర్నాటికి అవి మళ్ళీ పియానో ఎక్కి ఉంటాయి.

క్లాసు అయిపోయాక ఆయన కనకదుర్గను ఆగమన్నాడు. పని దగ్గర అందరూ ఆమెను 'కేడీ' అంటారు. ఆయనొక్కడే పేరు మొత్తం పలుకుతాడు, అది కూడా వేళ్ళతో బల్ల మీద కొడుతూ. మూడు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు, మళ్ళీ ఒక పొట్టి.

"మీరు స్నో బూట్లు మార్చుకునేటప్పుడు ఏదో పాడుకుంటూ ఉంటారు," అన్నాడు ఇంగ్లీషులో, ప్రతి మాటా విడివిడిగా.

ఆయన వింటున్నాడని ఆమెకు తెలియదు. "ఏం లేదు సర్. ఊరికే."

"వచ్చే వారం చివర చర్చిలో మన కచేరీ. ఆరు ఇళ్ళ పాటలు పాడిస్తున్నాను. ఐదు దొరికాయి. ఆరోది మీ ఇంటిది కావాలి. మీ అమ్మమ్మో, ఆమె అమ్మో పాడింది. సినిమాది వద్దు, పుస్తకంలోది వద్దు. ఎవరు కట్టారో ఎవరికీ తెలియని పాట."

"ఎవరిదీ కాని పాటా?"

"అవును. ఎవరిదీ కాకూడదు. అది చాలా ముఖ్యం." జేబులోంచి చిన్న రికార్డర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది.

కనకదుర్గ ఆ లైటు వంక చూసింది. "ఇప్పుడు గుర్తు లేదు సర్. బుధవారం చెప్తాను."

"మంచిది," అన్నాడాయన. రికార్డర్ ఆపాడు కానీ, ఆపడానికి కాస్త ఎక్కువసేపే పట్టినట్టు ఆమెకు అనిపించింది.

బస్‌స్టాప్ షెల్టర్లో పైన హీటర్ గొట్టం ఎర్రగా కాలుతోంది. దాని కింద మధుమిత రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఒకే బేస్‌మెంట్లో ఉంటారు. మధుమితది కరీంనగర్, కనకదుర్గది గుడివాడ. కాలేజీ ఒకటే, మోసపోయింది కూడా ఒకే కన్సల్టెన్సీ చేతిలో.

"ఇది చూడవే. మా తమ్ముడు పంపిండు," అంటూ మధుమిత ఫోన్ చూపించింది.

అమీర్‌పేటలో మెట్రో పిల్లర్ పక్కన ఒక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద కనకదుర్గ మొహం. వీసా కోసం స్టూడియోలో దిగిన ఫొటో అది. వెనకాల తెల్లగోడ తీసేసి ఎర్ర మేపుల్ ఆకు పెట్టారు. కింద పెద్ద అక్షరాల్లో: 'నా కల నిజం చేశారు. థాంక్యూ సర్! కనకదుర్గ, కెనడా.'

"నేనెప్పుడన్నానే ఇది?"

"నువ్వనకున్నా వాళ్ళంటరు. నీ మొఖం వాళ్ళ దగ్గరుంది కద."

కనకదుర్గ అక్కడే నిలబడి కన్సల్టెన్సీకి ఫోన్ చేసింది. యూనివర్సిటీ అని చెప్పి ఈ డిప్లొమాలో చేర్పించిన మనిషే ఎత్తాడు. "మంచి ఫొటో మేడమ్, చాలామంది మెచ్చుకుంటున్నారు. మీ ఊళ్ళో కూడా వేయిస్తాం," అన్నాడు. తీసేయమని అడిగేలోపు లైన్ కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

బస్సు వచ్చింది. సీట్లో కూర్చున్నాక కనకదుర్గ లిండ్నర్ అడిగిన పాట సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ మధుమిత కళ్ళు చిన్నవైపోయాయి. ఫోన్లో ఆయన పేరు కొట్టింది. ఎకార్ట్ లిండ్నర్, కంపోజర్. హాంబర్గ్ రేడియోలో వచ్చిన రచనలు, కొలోన్‌లో పాడిన బృందగానాలు, ఒక ఒపేరా, తర్వాత కెనడాలో ముప్ఫై ఏళ్ళ మాస్టరీ. స్క్రీన్ కిందికి జరుపుతూ ఒకచోట ఆగింది.

"ఇగో. టర్కీ జోలపాటలు, బృందానికి. లిండ్నర్. చూసినవా? జోల పాడిన తల్లులు ఏడ పోయిన్రు? ఆయన పేరొక్కటే ఉన్నది."

"సంప్రదాయ బాణీలు అని రాశారుగా కింద."

"అదేనే అసలు ఉపాయం. సంప్రదాయమంటే అడిగేటోడు ఉండడు. అందుకే ఎవలదీ కాని పాట కావాలంటున్నడు. వాళ్ళు నీ మొఖం గుంజుకున్నరు, ఈయన నీ గొంతు గుంజుకోడా?"

కనకదుర్గ కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి బయట వీధి కనబడడం లేదు. ఎర్ర లైటు ఆపడానికి ఆయన ఎంతసేపు తీసుకున్నాడో మళ్ళీ గుర్తొచ్చింది. నిజానికి ఆమె దగ్గర అలాంటి పాటేమీ లేదు. బూట్లు మార్చుకుంటూ పాడుకునేవన్నీ సినిమా పాటలే. అమ్మమ్మ రోజంతా మిషన్ కుడుతూ రేడియో వినేది. ఆమె పాడగా కనకదుర్గ ఎన్నడూ వినలేదు.

"లేదని చెప్పేస్తా," అంది.

"ఎందుకు లేదంటవ్? నువ్వే ఒకటి కట్టియ్. అమ్మమ్మదని చెప్పు. కట్టినంక నాకు వాయిస్ మెసేజ్ పెట్టు, తారీఖు పడతది. ఆయన పేరు పెట్టుకుని పాడించిన నాడు అందరి ముంగట నేను ప్లే చేస్తా. దొంగ దొరుకుతడు."

"పిచ్చా నీకు? నేను పాట కట్టడమేంటి?"

"కట్టకపోతే వదిలెయ్. దొంగ దొరకడు, అంతే."

కనకదుర్గ పనిచేసేది ఒక డోనట్ షాపులో. మంగళవారం మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆమె నేల తుడవడం మొదలుపెట్టింది. మంచు కరిగి బూట్ల నుంచి కారిన ఉప్పు నీళ్ళు తలుపు దగ్గర తెల్లటి మరకలు కడతాయి. వాటిని వదిలించాలంటే మాప్ కర్రను బరువుగా నొక్కి లాగాలి. నొక్కడం, లాగడం. ఆ ఊపులోనే 'దంచి దంచి' అన్న మాట నోట్లోకి వచ్చింది. వడ్లు దంచే పాట అంటే ముసలాయన నమ్ముతాడు అనుకుంది. గ్లవ్స్ లోపల అరచేతులు మండుతున్నాయి. ఆ మంటే రెండో మాటైంది.

*దంచి దంచి నా అరచెయ్యి మండె,*
*మండిన చేతికి మబ్బైన రాదె.*

అక్కడిదాకా సులువుగానే వచ్చింది. మూడో వరుస కిందికి దిగాలి. అలా దిగితే పాత పాటలా ఉంటుంది. కానీ బకెట్ జరపడానికి వంగి లేచినప్పుడు ఆమె గొంతు కిందికి దిగలేదు. అనుకోని చోట పైకి వెళ్ళి, ఒక్క క్షణం అక్కడే నిలబడి, ఆ తర్వాత దిగింది.

*ఎవ్వారి చేలోనొ ఈ వాన కురిసె,*
*మా ఇంటి వాకిట మన్నైన తడవదె.*

ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తలుపు తెరుచుకుని చలిగాలి వచ్చిందేమో అని తిరిగి చూసింది. తలుపు మూసే ఉంది. స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళి, కాఫీ కప్పుల డబ్బాల మధ్య నిలబడి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని పాడి మధుమితకు పంపింది. కాసేపటికి జవాబొచ్చింది: 'అబ్బ, బాగున్నదే. ముసలాయన పడ్డట్టే.'

బుధవారం క్లాసు అయ్యాక ఆమె పాడింది. లిండ్నర్ కళ్ళు మూసుకుని, పెన్సిల్ పళ్ళ మధ్య పెట్టుకుని విన్నాడు. అయిపోయాక కూడా కళ్ళు తెరవలేదు. పియానో దగ్గరకు తడుముకుంటూ వెళ్ళినట్టు వెళ్ళి, ఒక్క వేలితో బాణీ వాయించాడు. మూడో వరుస దగ్గర ఆగిపోయాడు.

"ఇది మళ్ళీ పాడండి."

పాడింది.

"మళ్ళీ."

మళ్ళీ పాడింది. ఆయన ఆ ఒక్క మలుపునే నాలుగైదు రకాలుగా మీటి చూశాడు.

"ఇక్కడ మీ అమ్మమ్మ పైకి ఎందుకు వెళ్ళింది?"

"తెలీదు సర్. అలాగే పాడేది."

"ఆమెకి ఎవరు నేర్పారు?"

"వాళ్ళమ్మ. వడ్లు దంచేటప్పుడు పాడేవాళ్ళట." అబద్ధాలు ఇంత నున్నగా జారుతాయని ఆమె అనుకోలేదు.

"వింతగా ఉంది," అన్నాడు లిండ్నర్. "పాతపాటల్లో ఇలాంటి మూలలు మిగలవు. వందమంది నోళ్ళలో నానేసరికి అరిగిపోతాయి, మెట్ల రాయిలాగా. ఇది అరగలేదు. నిన్న చెక్కినట్టుంది." ఆమె వైపు తిరిగాడు. "దీన్ని ఎవరో కట్టి ఉంటారేమో? ఎవరైనా బతికున్న మనిషి?"

"లేదు సర్."

"మీ బంధువుల్లో ఎవరైనా? స్నేహితులు?"

"లేదు."

"కచ్చితంగా? దీనికి సొంతదారు ఎవరైనా ఉంటే నాకు ఇప్పుడే తెలియాలి."

దొంగ గోడ దూకే ముందు ఇంట్లో కుక్క ఉందో లేదో వాకబు చేసినట్టుంది, అనుకుంది కనకదుర్గ. "ఎవరూ లేరు సర్. పాత పాట," అంది ఆయన కళ్ళలోకి చూస్తూ.

ఆయన తల ఊపాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

శుక్రవారానికి పాట కాగితాల మీదికి వచ్చేసింది. ఇంకా వెచ్చగా ఉన్న జిరాక్సులు చేతుల మీదుగా వెనక వరుసకు వచ్చాయి. కనకదుర్గ ముందు పేర్లు చూసింది. మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో 'దంచి దంచి'. కుడి మూల 'ఎకార్ట్ లిండ్నర్'. ఎడమ మూల ఒక గీత ఉంది, దాని మీద ఏమీ లేదు. ఆమె చెవులు వేడెక్కాయి. కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫొటో తీసి మధుమితకు పంపింది. 'చెప్పిన్నా లేదా' అని వెంటనే వచ్చింది.

"మగవాళ్ళు రోకళ్ళు," అన్నాడు లిండ్నర్. "మాట లేదు, ఊపిరి మాత్రమే. హుఁ, హుఁ. కనకదుర్గా, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో ఎలా దంచుతారో వీళ్ళకి చూపించండి."

ఆమె ఎప్పుడూ రోకలి పట్టుకోలేదు. లేచి గాల్లో చేతులు ఎత్తి దించింది. పక్కనున్న ఫున్మి నవ్వేసింది. ఫున్మిది నైజీరియా. "అలా దంచితే రాత్రికి కూడా యామ్ దుంప మెత్తబడదు," అంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. ఒకరిది లేచినప్పుడు ఇంకొకరిది పడాలి. నడుము వంగాలి, మోకాళ్ళు వదులవ్వాలి. కనకదుర్గ ఆమెను చూసి చేసింది. లిండ్నర్ ఇద్దరి చేతులూ చూస్తూ కాగితం మీద ఏదో చెరిపి తిరిగి రాశాడు. ఫున్మి ఊపుకే మగగొంతుల తాళం మార్చాడు.

తర్వాత అందరూ కలిసి పాడారు. కింద రోకటి పోటు, మీద అమ్మాయిల గొంతులు రెండు పాయలుగా, వాటి మధ్య కనకదుర్గ ఒక్కర్తే. మూడో వరుస వచ్చేసరికి ఆయన మిగతా గొంతులన్నీ ఆపేశాడు. ఆమె ఒక్కతే పైకి వెళ్ళింది. కింద ఏమీ లేదు. సరిగ్గా ఆమె దిగే చోట అందరూ మళ్ళీ అందుకున్నారు. తాను కట్టిన ముక్కను ఆయన ఎక్కడా కదపలేదు. దాని చుట్టూ చోటు చేశాడు, అంతే. ఇంత బాగా చేశాడంటే వదులుకోడు అనుకుంది. ఆ ఆలోచనతో కోపం ఇంకా పెరిగింది.

బయటికి వస్తుంటే లిండ్నర్ కారిడార్లో ఆ పియానో పక్కన నిలబడి ఫోన్లో జర్మన్ మాట్లాడుతున్నాడు. గొంతు హెచ్చింది, అవతలివాళ్ళతో వాదిస్తున్నట్టుంది. 'తెలుగు' అన్న మాట స్పష్టంగా వినబడింది. ఆ వెంటనే 'ఫ్రై' అని. మళ్ళీ 'ఫ్రై'. ఆమెను చూసి గొంతు తగ్గించాడు.

ఆ మాట చెప్పగానే మధుమిత ఫోన్ తీసింది. "ఫ్రై అంటే జర్మన్ భాషల ఫ్రీ అట. మన పాట ఫ్రీగా దొరికింది అని చెప్తున్నడు. ఇంకేం కావాలె నీకు?"

ఆ పై వారమంతా కనకదుర్గ రిహార్సల్‌కు వెళ్ళింది, చెప్పినట్టే పాడింది, ఆయనతో ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. కచేరీ ముందు శుక్రవారం లిండ్నర్ ఇంకొకసారి ఆమెను ఆపి, "నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?" అని అడిగాడు. "ఏం లేదు సర్," అంది. ఆయన కోటు గుండీలు పెట్టుకుంటూ కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. అనుమానం వచ్చినట్టుంది, జాగ్రత్తగా ఉండాలి అని ఆమె మధుమితతో చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం చర్చికి సూర్యకుమారి ఆంటీ తన కారులో తీసుకెళ్ళింది. ఆవిడ రిటైరైన పిల్లల డాక్టరు. భీమవరం నుంచి వచ్చి ఈ ఊళ్ళో నలభై చలికాలాలు చూసింది. కొత్తగా వచ్చే తెలుగు పిల్లలకు పరుపులు, వంటగిన్నెలు పోగుచేసి ఇస్తుంది. భర్త విశ్వేశ్వరరావు ముందు సీట్లో కూర్చుని, "జర్మన్ వాళ్ళ సంగీతమంటే మూడు గంటలకు తక్కువుండదు," అని దారంతా భయపెట్టాడు.

చర్చిలో చెక్క బెంచీలు నిండాయి. రేడియేటర్ల మీద చేతిగ్లవ్స్ ఆరబెట్టారు. మధుమిత మధ్య వరుస చివర కూర్చుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, వేలితో తట్టి 'రెడీ' అని సైగ చేసింది. వేదిక మీద నుంచి కనకదుర్గ చూపు తిప్పుకుంది.

ఐదు పాటలూ అయిపోయాయి. ఆరోదానికి ముందు లిండ్నర్ జనం వైపు తిరిగాడు. ఆయన నల్లకోటు మోచేతుల దగ్గర నిగనిగలాడుతోంది.

"యాభై ఏళ్ళుగా నేను పాటలు కడుతున్నాను," అన్నాడు. "వాటి మీద నా పేరుంది, ఉండనివ్వండి. కానీ ఈ ఆరు బాణీలూ నేను కట్టలేదు. కట్టినవాళ్ళు ఎవరో తెలియదు. నేను వాటి చుట్టూ కుర్చీలు వేశాను, అంతే. వీటి మీద హక్కులు రాయించుకోమని జర్మనీలో మా పబ్లిషరు ఫోన్లో గట్టిగా పట్టుబట్టాడు. వద్దన్నాను. ఇవి ఫ్రీ. ఎవరైనా పాడుకోవచ్చు, నన్ను అడగక్కర్లేదు. అచ్చు వేసేటప్పుడు ఎడమ మూల, నా పేరు కంటే ముందు, పాట ఇచ్చినవాళ్ళ పేరు ఉంటుంది." ఒక్కొక్కరి పేరూ చదివాడు. చివరికి, వేళ్ళతో స్టాండు మీద కొడుతూ, "కనకదుర్గ. తెలుగు ఆడవాళ్ళు వడ్లు దంచేటప్పుడు పాడిన పాట. ఆమె అమ్మమ్మ నుంచి మనకు వచ్చింది. కట్టింది ఎవరో తెలియదు," అన్నాడు.

కనకదుర్గ మధుమిత వైపు చూసింది. మధుమిత ఫోన్ బోర్లా తిప్పి పెట్టింది.

ఆయన చెయ్యి లేచింది. హుఁ, హుఁ అని రోకళ్ళు మొదలయ్యాయి. ఎలా పాడిందో కనకదుర్గకు తెలియదు. మూడో వరుస దగ్గర అన్ని గొంతులూ ఆగిపోయినప్పుడు, పైకి వెళ్ళి నిలబడ్డ ఆ ఒక్క క్షణంలో, ఇది నాది అని తెలిసింది. ఇంతవరకూ అది మధుమిత ఫోన్లో ఉన్న సాక్ష్యం మాత్రమే. తన జీవితంలో తాను చేసిన వాటిలో ఇంత బాగున్నది ఇంకొకటి లేదు. దిగేసరికి అది ఎవరిదీ కాకుండా పోయింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లిండ్నర్ పక్కకు తప్పుకుని ఆమెను ముందుకు తోశాడు.

కింద హాల్లో కాఫీ, కేకు పెట్టారు. సూర్యకుమారి ఆంటీ మనుషుల్ని తోసుకుంటూ వచ్చి కనకదుర్గ రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళజోడు కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎక్కడ దాచావే అమ్మడూ ఈ పాట! మా నాయనమ్మ పాడేది ఇది. డెబ్భై ఏళ్ళయింది విని. దంపుళ్ళ కొట్లో నేను ఊక మీద పడుకుని వినేదాన్ని."

"ఇదేనా ఆంటీ? ఇలాంటిదేమో..."

"ఇదేనమ్మా! నాకు తెలీదా? రెండో చరణం కూడా ఉంది." ఆవిడ అక్కడే, కాఫీ కప్పులు పట్టుకున్న తెల్లవాళ్ళ మధ్యే, అరచేతి మీద తాళం వేస్తూ ఎత్తుకుంది.

*దంచిన బియ్యమ్ము దొరగారి గాదెకు,*
*ఊకేమొ మాకాయె, ఉట్టి చేటాయె.*

ఆ తర్వాత 'ఎవ్వారి చేలోనొ' అందుకుంది. పైకి వెళ్ళాల్సిన చోట వెళ్ళకుండా, మెత్తగా, ఎప్పటినుంచో అలాగే ఉన్నట్టు, కిందికి దిగిపోయింది.

"మా వైపూ ఉండేది," అన్నాడు విశ్వేశ్వరరావు గట్టిగా తలాడిస్తూ. "మా మేనత్త పాడేది. ఇదే."

మధుమిత కనకదుర్గ మోచెయ్యి గిల్లింది. "చెప్పవే. నీదని చెప్పు," అంది గుసగుసగా. కనకదుర్గ ఆంటీ మొహం వైపు చూసింది. ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ ఇంకా నోట్లో అదే పాడుకుంటోంది. మధుమిత చేతిని మెల్లగా తప్పించింది.

లిండ్నర్ అప్పటికే రికార్డర్ పట్టుకుని వచ్చాడు. "మీకు ఈ పాట తెలుసా? ఇంకో చరణం ఉందా?" అని ఆంటీని అడిగాడు. ఆవిడ గర్వంగా మళ్ళీ పాడింది. వింటున్నకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది. అయ్యాక కనకదుర్గను పక్కకు పిలిచాడు.

"మీకు క్షమాపణ చెప్పాలి," అన్నాడు. "నేను మిమ్మల్ని అనుమానించాను. ఆ మూడో వరుస విన్నప్పటి నుంచీ దీన్ని ఈ కాలం మనిషి ఎవరో కట్టారనిపించింది. సంగీతం పట్టే చెవి ఉన్న మనిషి. చెప్పకుండా తీసుకుంటే ఆ మనిషి పాటని దొంగిలించినవాణ్ణి అవుతానని భయం వేసింది. అందుకే అన్నిసార్లు అడిగాను. ఇప్పుడు ఈవిడ పాడింది విన్నాక నిశ్చింతగా ఉంది."

ఆయన చెయ్యి చాచాడు. ఆమె అందుకోలేదు.

"సర్, మీ అనుమానమే నిజం."

ఆయనకు అర్థం కాలేదు.

"మా అమ్మమ్మ పాడేది కాదు. ఆ పాట నేను కట్టాను. మీరు అడిగిన మర్నాడు, షాపులో నేల తుడుస్తూ."

లిండ్నర్ చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "మరి ఆవిడ?"

"ఆంటీకి వాళ్ళ నాయనమ్మ పాట ఏదో గుర్తొచ్చి ఉంటుంది. ఆ చరణం ఆవిడదే. ఇది మాత్రం నాది."

"ఎందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు అడిగాను!"

"మీరు అన్నిసార్లు అడిగారనే చెప్పలేదు." ఆమె చూపు దించుకుంది. "సొంతదారు లేడని తేల్చుకుని మీ పేరు పెట్టుకుంటారనుకున్నాను. పట్టుకుందామని కట్టాను."

ఆయన గోడవారనున్న కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు తన బూట్ల వంకే చూశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి ఒక్కసారిగా అలిసిపోయినట్టు కనిపించాడు.

"ముప్ఫై ఏళ్ళలో నా విద్యార్థులు నన్ను చాలా మాటలు అన్నారు," అన్నాడు చివరికి. "దొంగ అని ఎవరూ అనలేదు."

"సారీ సర్."

"ఆ మూడో వరుస మీరే కట్టారా? ఎవరూ చెప్పకుండా?"

"దిగుదామనే అనుకున్నాను. అదే పైకి వెళ్ళింది."

ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు. కళ్ళలో కోపం అలాగే ఉంది. దాని పక్కన ఇంకేదో కూడా ఉంది కానీ, దాన్ని బయటికి రానివ్వడం లేదు. "బతికున్న మనిషి పాట చుట్టూ ఆమెను అడగకుండా నేను ఒక్క స్వరం కూడా రాయను. మీరు నా చేత అదే చేయించారు. ఇక ఇది అచ్చు వేయాలంటే మీరు నన్ను అడగాలి."

"ఇప్పుడే అడుగుతున్నాను సర్."

"ఈ రోజు కాదు," అన్నాడు లిండ్నర్. "ఈ రోజు నాకు కోపంగా ఉంది." లేచి, పాట కాగితాలు పోగుచేసుకోవడానికి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు.

తిరుగు దారిలో మధుమిత ఫోన్ సంచిలో పెట్టేసి కళ్ళు మూసుకుంది. విశ్వేశ్వరరావు నిద్రపోయాడు. నల్లగా మెరుస్తున్న మంచు రోడ్డు మీద సూర్యకుమారి ఆంటీ నెమ్మదిగా నడుపుతూ, స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ, ఆ పాటే పాడుతోంది. పాడిన ప్రతిసారీ అది ఇంకాస్త ఆవిడదైపోతోంది. రెడ్ సిగ్నల్ దగ్గర కారు ఆపి అద్దంలోంచి వెనక్కి చూసింది.

"వచ్చే నెల అసోసియేషన్ వాళ్ళ మీటింగులో పాడతాను. పిల్లలకి కూడా నేర్పిస్తాను. ఊరికే మా నాయనమ్మ పాట అంటే బాగుండదు, ఇన్నేళ్ళకి దీన్ని తెచ్చిచ్చింది మీవాళ్ళు కదా. మీ అమ్మమ్మ పేరు చెప్పు అమ్మడూ. ఆవిడ పేరు చెప్పి మరీ పాడతాను."

కనకదుర్గ అద్దంలో ఆంటీ కళ్ళ వైపు చూసింది. సిగ్నల్ పచ్చబడింది. వెనక కారువాడు ఓపిగ్గా ఆగి ఉన్నాడు.

"కనకదుర్గ," అంది.

"ఓహో, ఆవిడ పేరే నీకు పెట్టారన్నమాట," అంటూ ఆంటీ కారు ముందుకు పోనిచ్చింది.